పాజిటివ్ వచ్చింది, అయితే?

అందరికీ నమస్కారం. సైకాలజీ విద్యార్థులు, కౌన్సెలింగ్ చేస్తున్నవాళ్లు, ఆసక్తి కొద్దీ వచ్చినవాళ్లు అందరూ ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. కాబట్టి ఈరోజు ఫార్ములాలు రాయను. కూడికలు, తీసివేతలు, భాగహారాలు మాత్రం చేయిస్తాను. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. డిప్రెషన్ ఉందేమో చూడటానికి ప్రపంచమంతటా వాడుతున్నారు. దాని మీద ప్రధాన పరిశోధన 2001లో అచ్చయింది. ప్రశ్నలు తొమ్మిదే. గత రెండు వారాల్లో నిద్ర ఎలా పట్టింది, ఆకలి ఎలా ఉంది, ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా, ఇలా ఉంటాయి. ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా వేస్తారు, మొత్తం కలిపి 27. పది గానీ అంతకు మించి గానీ వస్తే పాజిటివ్ కింద లెక్క.

ఈ టెస్టు ఎంత బాగా పనిచేస్తుంది? 2001 పరిశోధనలో రెండు సంఖ్యలు ఇచ్చారు. తీవ్రమైన డిప్రెషన్ నిజంగా ఉన్నవాళ్లలో 88 శాతం మందికి పాజిటివ్ వచ్చింది. లేనివాళ్లలో 88 శాతం మందికి నెగెటివ్ వచ్చింది. బాగానే ఉంది కదా. మరి నా ప్రశ్న ఇది. ఒకరికి ఈ టెస్టులో పన్నెండు వచ్చింది, అంటే పాజిటివ్. ఆ మనిషికి డిప్రెషన్ ఉండే అవకాశం ఎంత?

(సభలో నుంచి: "88 శాతం.")

చాలామంది ఇదే చెబుతారు. ఇప్పుడు లెక్క వేద్దాం.

ఒక పెద్ద ఆఫీసులో వెయ్యి మందికి ఈ టెస్టు పెట్టామనుకుందాం. వాళ్లలో నిజంగా డిప్రెషన్ ఉన్నవాళ్లు 5 శాతం, అంటే 50 మంది అనుకుందాం. ఈ 50 మందిలో 88 శాతం, అంటే 44 మందికి పాజిటివ్ వస్తుంది. ఆరుగురు తప్పిపోతారు. మిగతా 950 మందికి డిప్రెషన్ లేదు. వాళ్లలో 12 శాతం మందికి పొరపాటున పాజిటివ్ వస్తుంది. 950లో 12 శాతం ఎంత? 114. ఇప్పుడు పాజిటివ్ వచ్చినవాళ్లందరినీ ఒక గదిలో కూర్చోబెట్టండి. 44, 114 కలిపితే 158 మంది. ఆ గదిలో నిజంగా డిప్రెషన్ ఉన్నవాళ్లు 44 మందే. భాగిస్తే 28 శాతం.

88 అనుకున్నది 28 అయింది. టెస్టులో ఏ లోపమూ లేదు, లెక్కలోనూ తప్పు లేదు. మనం అడిగిన ప్రశ్న ఒకటి, 88 అనే సంఖ్య జవాబిచ్చే ప్రశ్న ఇంకొకటి. "డిప్రెషన్ ఉన్నవాళ్లలో ఎంతమందికి పాజిటివ్ వస్తుంది?" అన్నదానికి 88 జవాబు. "పాజిటివ్ వచ్చినవాళ్లలో ఎంతమందికి డిప్రెషన్ ఉంది?" అన్నది మనకు కావలసింది. రెండు వాక్యాల్లోనూ మాటలు దాదాపు అవే, వరస తిరగబడింది అంతే. వరస తిరగబడితే జవాబు ఎక్కడికో పోతుంది.

ఇప్పుడు అదే టెస్టును మానసిక వైద్యుల క్లినిక్‌కు తీసుకెళ్దాం. అక్కడికి వచ్చేవాళ్లు ఏదో ఒక బాధతోనే వస్తారు కాబట్టి వెయ్యి మందిలో 300 మందికి డిప్రెషన్ ఉందనుకుందాం. 300లో 88 శాతం 264. మిగతా 700 మందిలో 12 శాతం 84. మొత్తం 348 పాజిటివ్‌లు, అందులో నిజమైనవి 264. ఇది దాదాపు 76 శాతం. అదే ప్రశ్నావళి, అదే పన్నెండు మార్కులు. ఆఫీసులో దాని విలువ 28, క్లినిక్‌లో 76. మార్కు ఎంత వచ్చిందో మాత్రమే చెప్పి ఎవరి మధ్య వచ్చిందో చెప్పకపోతే ఆ రిపోర్టు సగమే చెప్పినట్టు.

నెగెటివ్ సంగతీ చూడండి, ఎందుకంటే ఈ టెస్టుకున్న అసలు బలం అక్కడే ఉంది. ఆఫీసులో నెగెటివ్ వచ్చినవాళ్లు 842 మంది. అందులో 836 మందికి నిజంగానే డిప్రెషన్ లేదు. 99 శాతం పైమాటే. అంటే ఎవరిని వదిలేయవచ్చో ఈ టెస్టు బాగా చెబుతుంది, ఎవరితో కూర్చుని మాట్లాడాలో సూచిస్తుంది. జబ్బు ఉందని తేల్చడం దాని పని కాదు. పాజిటివ్ వచ్చిన 158 మందితో శిక్షణ ఉన్న మనిషి విడివిడిగా మాట్లాడాలి. ఇంకో ముఖ్యమైన విషయం, తొమ్మిదో ప్రశ్న ప్రాణం తీసుకోవాలనే ఆలోచనల గురించి. ఆ ఒక్క జవాబును మొత్తం మార్కులతో పని లేకుండా విడిగా చూడాలి. మొత్తం నాలుగే వచ్చినా సరే, ఆ ప్రశ్నకు సున్నా కాకుండా ఇంకేదైనా వస్తే అదే రోజు ఆ మనిషితో మాట్లాడాలి. లెక్కల గురించి చెబుతూ ఇది చెప్పకుండా వదిలేయడం నాకు ఇష్టం లేదు.

ఈ లెక్క కొత్తదేమీ కాదు. పాల్ మీల్, ఆల్బర్ట్ రోసెన్ 1955లోనే సైకాలజిస్టుల కోసం దీన్ని వివరంగా రాశారు. ఒక లక్షణం ఆ జనంలో ఎంత అరుదో తెలియకుండా టెస్టు మార్కును అర్థం చేసుకోలేమని అప్పుడే చెప్పారు. డెబ్బై ఏళ్లు గడిచాయి. ఇప్పటికీ ఆన్‌లైన్‌లో ఏదో ప్రశ్నావళి నింపి, పాజిటివ్ వచ్చిందని టెన్షన్ పడేవాళ్లను, వాళ్లకు ఆ మార్కు చూపించి "మీకు ఫలానా ఉంది" అని చెప్పేసేవాళ్లను చూస్తూనే ఉన్నాం.

ఇప్పటిదాకా మనుషుల మీద పెట్టే టెస్టుల గురించి మాట్లాడాను. పరిశోధకులు తమ ఊహల మీద పెట్టే టెస్టులోనూ సరిగ్గా ఇదే పొరపాటు జరుగుతోంది. నేను ఈరోజు చెప్పదలచుకున్న అసలు విషయం ఇదే.

ఆ టెస్టు పేరు పి-విలువ. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే సులువుగా అర్థమవుతుంది. రోనాల్డ్ ఫిషర్ 1935లో ప్రయోగాల రూపకల్పన మీద రాసిన పుస్తకంలో ఒక ఉదాహరణ ఉంది. ఒకావిడ, కప్పులో ముందు పాలు పోశారో, ముందు టీ పోశారో రుచి చూసి చెప్పగలనంది. నిజంగా చెప్పగలదా? ఫిషర్ పద్ధతి ఇది. ఎనిమిది కప్పులు తయారుచేయాలి. నాలుగింటిలో ముందు పాలు, నాలుగింటిలో ముందు టీ. వరస కలిపేసి ఆవిడకు ఇవ్వాలి. నాలుగు, నాలుగు ఉన్నాయని ఆవిడకు తెలుసు. ముందు పాలు పోసిన నాలుగింటినీ ఆవిడ వేరు చేయాలి.

ఎనిమిదింటిలో నుంచి నాలుగింటిని ఎన్నుకునే తీరులు 70. అందులో పూర్తిగా సరైనది ఒకటే. ఆవిడకు ఏమీ తెలియకపోయినా, ఊరికే గుడ్డిగా ఎన్నుకున్నా, అన్నీ సరిగ్గా వచ్చే అవకాశం డెబ్బైలో ఒకటి. దశాంశాల్లో 0.014. ఇదే పి-విలువ. ఒక్క కప్పు దగ్గర తప్పు చేసిందనుకోండి, నాలుగింటిలో మూడే సరైనవి. గుడ్డిగా ఎన్నుకున్నా కనీసం అంత బాగా రావడానికి డెబ్బైలో పదిహేడు తీరులున్నాయి, అంటే దాదాపు 0.24. ఒక్క కప్పు తేడాతో సాక్ష్యం ఎంత పలచబడిందో చూడండి.

పి-విలువ చెప్పేది అంతే. "ఆవిడకు ఏ నేర్పూ లేదనుకుంటే, ఇంత మంచి ఫలితం, లేదా ఇంతకంటే మంచిది, వచ్చే అవకాశం ఎంత?" ఇందులో "లేదనుకుంటే" అన్నది మొదటి షరతు. కానీ మనం వినేటప్పుడు ఏం వింటున్నాం? "ఆవిడకు నేర్పు లేకపోయే అవకాశం 0.014, కాబట్టి నేర్పు ఉండే అవకాశం 98.6 శాతం" అని. మళ్లీ వరస తిరగబడింది. డిప్రెషన్ విషయంలో 88 శాతం అన్నవాళ్లు చేసినదీ ఇదే.

ఇది విద్యార్థుల అజ్ఞానమని కొట్టిపారేయకండి. 2002లో హాలర్, క్రాస్ అనే ఇద్దరు జర్మనీలోని ఆరు యూనివర్సిటీల సైకాలజీ విభాగాల్లో ఒక చిన్న పరీక్ష పెట్టారు. పి-విలువ అర్థం గురించి ఆరు వాక్యాలు ఇచ్చి, ఏవి నిజమో, ఏవి కావో గుర్తించమన్నారు. ఆరూ తప్పు వాక్యాలే. విద్యార్థుల్లో అందరూ కనీసం ఒకదాన్ని నిజమన్నారు. పరిశోధకుల్లో దాదాపు 90 శాతం మంది అలాగే అన్నారు. స్టాటిస్టిక్స్ బోధించేవాళ్లలో 80 శాతం మంది కూడా అంతే. బోధించేవాళ్లకే తేటగా లేనిది క్లాసులో కూర్చున్నవాళ్లకు ఎలా చేరుతుంది? నా దృష్టిలో ఇది మన పాఠ్యపుస్తకాల వైఫల్యం. సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ నొక్కాలో నేర్పుతున్నాం, వచ్చిన సంఖ్య దేనికి జవాబో నేర్పడం లేదు. 2016లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ ప్రత్యేకంగా ఒక ప్రకటన విడుదల చేసి, ఊహ నిజమయ్యే అవకాశం ఎంతో పి-విలువ చెప్పదని గుర్తుచేయాల్సి వచ్చింది.

సరే, మన వెయ్యి మంది లెక్కను ఇక్కడికి తెద్దాం. ఈసారి వెయ్యి మంది మనుషులు కాదు, వెయ్యి ఊహలు. సైకాలజీ పరిశోధకులు ఏటా పరీక్షించే ఊహల్లో పదింట ఒకటి నిజం అనుకుందాం. కొత్త విషయాలు వెతికేవాళ్ల ఊహల్లో ఎక్కువ భాగం తప్పడం సహజమే. అంటే నిజమైనవి 100, కానివి 900. పి-విలువ 0.05 కంటే తక్కువైతే పాజిటివ్ అంటున్నాం. అబద్ధపు ఊహలు 900లో 5 శాతం, అంటే 45 పొరపాటున పాజిటివ్ అవుతాయి. నిజమైన వందలో ఎన్ని పాజిటివ్ అవుతాయి? అది ప్రయోగం ఎంత బలమైనదో దాన్ని బట్టి ఉంటుంది. దీన్నే పవర్ అంటారు. పవర్ 50 శాతం అనుకుంటే 50. మొత్తం పాజిటివ్‌లు 95. అందులో 45 తప్పు. దాదాపు సగం.

పవర్ 50 శాతం అని ఊరికే వేసుకోలేదు. జేకబ్ కోహెన్ అనే సైకాలజిస్టు, అసాధారణ, సామాజిక సైకాలజీకి సంబంధించిన ఒక ప్రసిద్ధ పత్రికలో 1960లో వచ్చిన పరిశోధనలన్నీ ముందేసుకుని ఈ లెక్క కట్టారు. 1962లో ఫలితాలు ప్రచురించారు. ఒక మోస్తరు ప్రభావం నిజంగా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం ఆ పరిశోధనలకు సగటున సగం కంటే కొంచెం తక్కువ. పెద్ద కళ్ల వలతో చిన్న చేపల కోసం వెళ్లినట్టు. దొరకకపోతే చేపలు లేవని చెప్పలేం. 1989లో సెడ్ల్‌మయర్, గిగరెంజర్ అదే పత్రికను మళ్లీ చూశారు. కోహెన్ చెప్పి పాతికేళ్లయినా పవర్ పెరగలేదు.

ఇక్కడ అందరూ వేయవలసిన ప్రశ్న ఒకటుంది. ప్రయోగాలకు సగం బలమే ఉంటే, అచ్చయిన పరిశోధనల్లో సగానికైనా "ఏమీ దొరకలేదు" అని ఉండాలి కదా? 1959లో థియోడర్ స్టెర్లింగ్ నాలుగు సైకాలజీ పత్రికలు చూశారు. స్టాటిస్టికల్ టెస్టు వాడిన 294 పరిశోధనల్లో 286 పాజిటివ్. 97 శాతం. మరి మిగతావి ఏమయ్యాయి? సొరుగుల్లో ఉండిపోయాయి. రాబర్ట్ రోసెంథాల్ 1979లో దీన్ని ఫైల్ డ్రాయర్ సమస్య అన్నారు. పాజిటివ్ వస్తే అచ్చు, రాకపోతే సొరుగు. ఆఫీసులో పాజిటివ్ వచ్చిన 158 మందిని మాత్రమే ఫొటో తీసి, ఈ ఆఫీసులో అందరికీ డిప్రెషన్ ఉందని చెప్పడం ఎలాంటిదో, పత్రికలు మాత్రమే చదివి సైకాలజీ ఊహలన్నీ నిజమవుతున్నాయనుకోవడం అలాంటిది.

సొరుగు ఒక్కటే కాదు. పరిశోధకులు తమకు తెలియకుండానే పాజిటివ్‌లు ఎలా తయారుచేస్తారో దగ్గరగా చూద్దాం, ఎందుకంటే మీలో పరిశోధన చేయబోయేవాళ్లకు ఇదే అక్కరకొస్తుంది.

రెండు గ్రూపులు. ఒకదానికి ఏదో శిక్షణ, ఇంకోదానికి ఏమీ లేదు. నిజానికి ఆ శిక్షణతో ఏ ప్రభావమూ లేదనుకోండి. ఇరవై, ఇరవై మందితో చేశారు. లెక్క చూస్తే పి-విలువ 0.09. "అబ్బా, కొంచెంలో పోయింది, ఇంకో పది, పది మందిని చేరుద్దాం" అంటారు. చేర్చారు, మళ్లీ చూశారు. 0.07. ఇంకో పది. 0.04. అక్కడ ఆపేసి పేపర్ రాశారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ప్రతి మనిషి డేటా నిజమైనదే. కానీ ఆపాలో, కొనసాగించాలో ఫలితాన్ని చూసి నిర్ణయించడంతో 5 శాతం అనుకున్న పొరపాటు అవకాశం పెరిగిపోయింది. సమానమైన దూరాల్లో ఐదుసార్లు ఇలా తొంగి చూస్తే అది 14 శాతం అవుతుంది. పదిసార్లు చూస్తే 19. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, మూడ్, నిద్ర అంటూ ఇరవై వేర్వేరు కొలతలు తీసుకుని ఏదో ఒకటి కలిసొస్తే దాన్నే రాస్తే, ఏ ప్రభావమూ లేకపోయినా కనీసం ఒకటి పాజిటివ్ వచ్చే అవకాశం 64 శాతం. ఈ లెక్క మీరే చేయవచ్చు. 0.95ను ఇరవైసార్లు గుణించి, ఒకటిలో నుంచి తీసేయండి. ఆ కొలతలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతేనే ఈ సంఖ్య సరిగ్గా వస్తుంది.

2011లో సిమన్స్, నెల్సన్, సైమన్‌సన్ అనే ముగ్గురు ఈ వెసులుబాట్లను కంప్యూటర్ మీద పరీక్షించారు. మామూలుగా అందరూ చేసేవే నాలుగు తీసుకున్నారు. రెండు కొలతల్లో నచ్చింది ఎంచుకోవడం, చాలకపోతే మనుషుల్ని చేర్చడం, ఆడ, మగ తేడాను విశ్లేషణలోకి తెచ్చి చూడటం, మూడు పరిస్థితుల్లో ఒకదాన్ని వదిలేయడం. నాలుగూ కలిస్తే ఏమీ లేని చోట పాజిటివ్ వచ్చే అవకాశం 60.7 శాతం. నిజమైన మనుషులతో కూడా ఒక ప్రయోగం చేసి, ఒక పాట వింటే మనుషుల వయసు ఏడాదిన్నర దాకా తగ్గిపోయిందని "నిరూపించారు". మూడ్ మారిందని కాదు, పుట్టినతేదీ ప్రకారం వయసే తగ్గిందని. అసాధ్యమైనదాన్ని అప్పట్లో అందరూ ఒప్పుకుంటున్న పద్ధతులతోనే చూపించవచ్చని చెప్పడానికి చేశారది.

అదే ఏడాది డారిల్ బెమ్ అనే పేరున్న సైకాలజిస్టు, రాబోయేదాన్ని మనుషులు ముందే పసిగట్టగలరని చెబుతూ తొమ్మిది ప్రయోగాలు ప్రచురించారు. వెయ్యి మందికి పైగా పాల్గొన్నారు. తొమ్మిదింటిలో ఎనిమిది సిగ్నిఫికెంట్, అంటే పి-విలువ 0.05 కంటే తక్కువ. ఆ రంగంలో అగ్రశ్రేణి పత్రికలో వచ్చింది. ముగ్గురు పరిశోధకులు అందులో ఒక ప్రయోగాన్ని విడివిడిగా మూడుసార్లు తిరిగి చేస్తే ఏమీ రాలేదు. ఆ పేపర్‌ను అదే పత్రికకు పంపితే, పాత ప్రయోగాల పునరావృతాలు తాము వేయమని తిప్పి పంపారు. చివరికి అది 2012లో వేరే పత్రికలో వచ్చింది. బెమ్ మోసం చేశారని ఎవరూ అనలేదు. రంగమంతా వాడే పద్ధతులే ఆయనా వాడారు. అందుకే చాలామందికి నిద్ర పట్టలేదు. ఈ పద్ధతులు దీన్ని నిజమని చెప్పగలిగితే, ఇంతకుముందు నిజమని చెప్పినవాటి సంగతేమిటి?

దాన్ని కనుక్కోవడానికి బ్రయన్ నోసెక్ నాయకత్వంలో వందల మంది పరిశోధకులు చేతులు కలిపారు. మూడు ప్రముఖ పత్రికల్లో 2008లో వచ్చిన వంద పరిశోధనలను తీసుకుని, వీలైనంత వరకు మూల రచయితల సామగ్రితోనే తిరిగి చేశారు. ఫలితాలు 2015లో వచ్చాయి. మొదట 97 శాతం సిగ్నిఫికెంట్. తిరిగి చేస్తే 36 శాతం. ప్రభావాల పరిమాణం సగటున సగానికి పడిపోయింది. జ్ఞాపకం, గ్రహణశక్తి వంటివాటిని చూసే కాగ్నిటివ్ విభాగంలో దాదాపు సగం నిలబడ్డాయి, సామాజిక సైకాలజీలో దాదాపు పావు వంతే. ఈ పనికీ విమర్శలు వచ్చాయి. వంద పరిశోధనల్లో ఒక్కోదాన్ని ఒక్కసారే తిరిగి చేశారు కాబట్టి, ఫలానా ప్రయోగం తప్పు అని దీన్నిబట్టి తేల్చలేం. ఆ విమర్శ న్యాయమైనదే. కానీ మన వెయ్యి ఊహల లెక్క మొత్తం మీద ఎటు చూపించిందో, ఇదీ అటే చూపించింది.

దీన్ని విని సైకాలజీ అంతా ఉత్తిదేనని అనేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. తన పాత పనినే బల్ల మీద పెట్టి, వంద ప్రయోగాలు తిరిగి చేసి, ఇన్ని నిలబడలేదని తనంతట తానే ప్రకటించిన రంగమిది. ఆ పని చేసినవాళ్లలో చాలామంది యువ పరిశోధకులు. ఉద్యోగాలు ఇంకా స్థిరపడని వయసులో, పెద్దవాళ్లకు కోపం తెప్పించే పనిలో దిగారు. వాళ్ల మీద నాకు అపారమైన గౌరవం ఉంది.

దాని తర్వాత మారినవాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యమని అనిపించేది రిజిస్టర్డ్ రిపోర్ట్. 2013లో క్రిస్ చేంబర్స్ చొరవతో కార్టెక్స్ అనే పత్రిక మొదలుపెట్టింది. ప్రయోగం చేయకముందే మీ ప్రశ్న, పద్ధతి, ఎంతమందిని తీసుకుంటారు, ఏ లెక్క వేస్తారు, అన్నీ రాసి పంపాలి. సమీక్షకులు పద్ధతిని చూసి ఒప్పుకుంటే, ఫలితం ఏది వచ్చినా అచ్చు వేస్తామని పత్రిక ముందే మాటిస్తుంది. సొరుగుకు అవసరమే ఉండదు. మధ్యలో తొంగి చూసి ఆపడానికి వీలుండదు. 2021లో షీల్, ఇంకో ఇద్దరు కలిసి పోల్చి చూశారు. మామూలు పద్ధతిలో వచ్చిన సైకాలజీ పేపర్లలో మొదటి ఊహ 96 శాతం నిజమైంది. రిజిస్టర్డ్ రిపోర్టుల్లో 44 శాతం. మనుషులు అవే, రంగం అదే. తేడా ఎక్కువగా, ఫలితం తెలియకముందే పద్ధతికి కట్టుబడటంలోనే ఉందని నా అభిప్రాయం. ఈ తరహాలో జనం ఎక్కువగా పరీక్షించేది తక్కువ నమ్మకం ఉన్న ఊహల్నే కావడం వల్ల కూడా కొంత తేడా వచ్చి ఉండవచ్చు.

కౌన్సెలింగ్ చేసేవాళ్ల కోసం ఇంకొక్క మాట చెప్పాలి. ఇది పత్రికల సంగతి కాదు, మీ రోజువారీ పనిలోది. ఏ టెస్టు మార్కులోనైనా కొంత నిజం, కొంత ఆనాటి అదృష్టం కలిసి ఉంటాయి. ఐక్యూ టెస్టుల్లో సగటు 100, ప్రామాణిక విచలనం, అంటే మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత, 15 ఉండేలా మార్కులు అమరుస్తారు. టెస్టు విశ్వసనీయత, అంటే మళ్లీ కొలిచినా మార్కు ఎంత నిలకడగా వస్తుందన్నది, ఒకటికి 0.90 అనుకుందాం, అది మంచిదే. అయినా ఒక్కో మార్కు మీద ప్రామాణిక దోషం, అంటే మామూలుగా అటూ ఇటూ ఊగే తేడా, దాదాపు 4.7 వస్తుంది. దానికి రెండింతలు అటూ ఇటూ వదిలితే, 104 వచ్చిన పిల్లవాడి అసలు స్థాయి 95 నుంచి 113 మధ్యలో ఎక్కడైనా ఉండవచ్చు. 104 వచ్చిన అన్నను, 99 వచ్చిన తమ్ముడిని పోల్చి ఎవరు తెలివైనవారో చెప్పమని తల్లిదండ్రులు అడిగితే, ఆ తేడా చెప్పే స్తోమత ఈ కొలతకు లేదని నిర్మొహమాటంగా చెప్పండి.

దీనికే ఇంకో ముఖం ఉంది. డిప్రెషన్ ప్రశ్నావళిలో బాగా ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లను మాత్రమే ఏరి, నెల తర్వాత మళ్లీ అదే ప్రశ్నావళి ఇవ్వండి. మధ్యలో ఏ చికిత్సా ఇవ్వకండి. సగటు మార్కు తగ్గుతుంది. ఎందుకంటే ఏరిన రోజు చాలామందికి అది మామూలుకంటే గడ్డు రోజు. ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లోనే తల్లిదండ్రుల, పిల్లల ఎత్తుల్లో ఈ సగటు వైపు జారుడును గమనించారు. కాబట్టి "మా కార్యక్రమానికి ముందు 18, తర్వాత 12" అని ఎవరైనా గ్రాఫు చూపిస్తే, అదే మార్కులతో ఏరి, ఆ కార్యక్రమం ఇవ్వని గ్రూపు ఎక్కడుందని అడగండి. వాళ్లూ 13కు వచ్చి ఉంటే కార్యక్రమం చేసింది ఒక్క మార్కే. ముందు, తర్వాత మార్పు వచ్చిందా అన్నది ఒక ప్రశ్న, ఆ మార్పు మన వల్ల వచ్చిందా అన్నది వేరే ప్రశ్న.

ఇక ప్రశ్నలకు వెళ్దాం.

(ఒక విద్యార్థిని: "సార్, మీరు చెప్పినవన్నీ పెద్ద గ్రాంట్లు ఉన్నవాళ్లకు సరిపోతాయి. నాకు ఎం.ఎస్సీ. ప్రాజెక్టుకు మూడు నెలలు, నలభై మంది మాత్రమే దొరుకుతారు. నేనేం చేయాలి?")

చాలా మంచి ప్రశ్న అమ్మా, ఇది చాలామంది మనసులో ఉంటుంది. ఆ నలభై మందిని ఇరవై, ఇరవై చేసి రెండు గ్రూపులను పోలిస్తే, మోస్తరు ప్రభావాన్ని పట్టుకునే అవకాశం దాదాపు 34 శాతమే. ప్రభావం నిజంగా ఉన్నా మూడింట రెండుసార్లు మీకు ఏమీ దొరకదు. అదే 80 శాతం అవకాశం కావాలంటే గ్రూపుకు 64 మంది కావాలి, అంటే 128 మంది. అది మీకు కుదరదు.

కాబట్టి ప్రశ్ననే అలా ఎంచుకోండి, ఒకే మనిషిని రెండు పరిస్థితుల్లోనూ కొలవగలిగేలా. రంగు పేర్లను వేరే రంగు సిరాతో రాసి, సిరా రంగు చెప్పమనే స్ట్రూప్ పరీక్ష తెలుసు కదా. జాన్ రిడ్లీ స్ట్రూప్ 1935లో ప్రచురించారు, ఇన్నేళ్లుగా ఎక్కడ తిరిగి చేసినా నిలబడుతోంది. అందులో ప్రతి మనిషీ తనతో తానే పోలిక. మనిషికీ మనిషికీ ఉండే వేగం తేడాలు లెక్కలో నుంచి పోతాయి. మీ ప్రయోగాన్ని అలా అమర్చి, రెండు పరిస్థితుల మార్కుల మధ్య సహసంబంధం, అంటే అవి ఎంతవరకు కలిసి పెరుగుతాయన్నది, 0.5 ఉంటే, అదే మోస్తరు ప్రభావానికి మీ నలభై మందితోనే అవకాశం 87 శాతం దాకా వస్తుంది. ఒక్కో మనిషి దగ్గర పది ప్రయత్నాలకు బదులు అరవై తీసుకుంటే కొలతలో దోషం ఇంకా తగ్గుతుంది. సగం మందికి మొదటి పరిస్థితి ముందు, సగం మందికి రెండోది ముందు ఇవ్వడం మరవకండి, లేకపోతే అలవాటు వల్ల వచ్చిన మార్పు మీ ప్రభావంలా కనిపిస్తుంది.

డేటా మొదలుపెట్టక ముందే ఒక పేజీ రాయండి. ఏ కొలత ప్రధానం, ఎంతమంది దగ్గర ఆపుతారు, ఎవరిని ఏ కారణంతో తీసేస్తారు. దాన్ని తేదీతో సహా ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్ సైట్‌లో ఉంచవచ్చు, ఖర్చు ఏమీ లేదు. ఫలితం రాసేటప్పుడు పి-విలువ ఒక్కటే కాకుండా తేడా ఎంతో, అసలు తేడా ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండవచ్చో రాయండి. ఏమీ రాకపోతే అదీ అలాగే రాయండి. మీ గైడ్ అభ్యంతరం చెబితే, ముందే రాసిపెట్టిన ఆ పేజీ చూపించండి. రెండు మూడు కాలేజీల్లో మీలాంటి విద్యార్థులు ఇదే ప్రయోగాన్ని అదే సామగ్రితో చేస్తే తర్వాత డేటా కలపవచ్చు. 2016లో సంకల్పశక్తి అలసిపోతుందన్న సిద్ధాంతాన్ని 23 ల్యాబ్‌లు కలిసి ఇలాగే పరీక్షించాయి, 2,141 మందితో. ఒక్కో ల్యాబ్‌లో ఉన్నది సగటున వంద మంది లోపే. కలిపి చూస్తే ప్రభావం సున్నాకు దగ్గరగా వచ్చింది. మీ క్లాసులో ఇంకెవరైనా ఇదే టాపిక్ తీసుకున్నారా? అయితే ఈరోజే వాళ్లతో మాట్లాడండి.